పచ్చ మీద ముల్లు

ముందుగా, కథ ఎక్కడ ఉందో ఒకసారి తలుచుకుందాం. అల్లం బస్తాలతో షోలాపూర్ బయలుదేరిన చెన్నబసప్ప లారీ, రాష్ట్ర సరిహద్దు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా, ఎక్కుడు దారి మధ్యలో ఇంజిన్ పట్టేసి నిలిచిపోయింది. నిలిచి ఊరుకుంటే ఏ గొడవా లేదు, బరువుకు వెనక్కి జారింది. డ్రైవరు మాణిక్ చక్రం తిప్పి దాన్ని గట్టుకు ఆనించి ఆపాడు కానీ, ఆ కుదుపుకు బస్తాల మీద కూర్చున్న హమాలీ సంగయ్య కింద పడ్డాడు. అతని మీద పది బస్తాలు పడ్డాయి. సంగయ్య బీదర్ దవాఖానలో ఇంకా కళ్ళు తెరవలేదు. మాణిక్ మూడు రోజులుగా జహీరాబాద్ ఠాణాలో ఉన్నాడు. నిద్రపోయి ఉంటాడని కొందరూ, తాగి ఉంటాడని కొందరూ హోటళ్ళలో తీర్పులు చెప్పేస్తున్నారు. సంగయ్యకు ఎలా ఉందని అడిగేవాళ్ళు తక్కువ.

ఆ మూడు రోజులూ గురులింగప్ప ఇంటి పట్టున ఉండలేదు. లారీలకు రంగులు వేయడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. మాణిక్‌కు సొంత బామ్మర్ది, మాణిక్ భార్య నీలమ్మకు తమ్ముడు. మాణిక్‌కు ఆ లారీ మీద పని ఇప్పించింది కూడా అతనే. అలాంటివాడు బావ ఆపదలో ఉంటే ముందు నిలబడాలి కదా. నిలబడకపోగా, పొద్దున్నే బ్రష్షుల సంచీ పట్టుకుని రాయికోడ్‌లో పనంటాడు, ఝరాసంగంలో పనంటాడు, చీకటి పడ్డాక దొంగలా ఇల్లు చేరుతున్నాడు. అక్క ఎదురుపడితే ఏం చెప్పాలో అతనికి తెలియదు.

అతని భయానికి కారణం పిడికెడంత ఉంటుంది. రెండేళ్ళ కిందట చెన్నబసప్ప షోలాపూర్‌లో, పాత మిలిటరీ బండ్ల సామాను అమ్మేచోట, ఇంజిన్‌లో ఆయిల్ ఎంత వేడెక్కిందో చూపే మీటరు తన బండ్లకు కొని అక్కడే బిగించుకొచ్చాడు. అతని బండ్లకు తప్ప జహీరాబాద్‌లో ఇంకే లారీకీ అలాంటిది లేదు. దాని సంగతి చాలా సులువు. ముల్లు పచ్చ గీత మీదుంటే పోవచ్చు. ఎర్ర గీత మీదికొస్తే బండి ఆపి ఇంజిన్ చల్లారనివ్వాలి. కొత్త వస్తువు కదా అని ఆయుధపూజనాడు చెన్నబసప్ప సేఠ్ తల్లి స్టీరింగుకు పెట్టినట్టే ఆ మీటరుకూ గంధం, కుంకుమ పెట్టింది. భక్తి కొంచెం ఎక్కువై నూనె కూడా రాసింది. మీటరు అద్దానికి పాత పగులు ఉంది. అందులోంచి దిగిన కుంకుమ ఏడాది తిరిగేసరికి మీటరు మొహమంతా అలుక్కుపోయింది.

పోయిన దసరాకు బండి రంగులకు వచ్చినప్పుడు గురులింగప్ప ఆ మీటరు విప్పి కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. కుంకుమ పోయింది. దాంతోపాటే అంకెలూ, కంపెనీవాళ్ళు వేసిన గీతలూ పోయాయి. చేతిలో తెల్లటి రేకు మిగిలింది. ఎవరినైనా అడుగుదామంటే పేరున్న పెయింటరుకు నామోషీ. పక్కనే ఆయిల్ ప్రెషర్ మీటరు ఉంది. అదే సైజు, అదే ముల్లు, రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. అందులో మొదట చిన్న ఎర్ర గీత, ఆ తర్వాత చివరిదాకా పచ్చ గీత. దాన్ని చూస్తూ దీని మీద అలాగే దించేశాడు. కొత్త మీటరులా ఉందని సేఠ్ మెచ్చుకున్నాడు కూడా. అప్పటి డ్రైవరు ఆ దసరాకే మానేశాడు, మాణిక్ ఎక్కాడు. తాను దించింది తప్పో ఒప్పో గురులింగప్ప ఎన్నడూ ఆలోచించలేదు. మూడు రోజులుగా ఆలోచించకుండా ఉండలేకపోతున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం బొంబాయి రోడ్డు పక్కన తలవంచుకుని పోతుంటే మెకానిక్ ఖాజామియా షెడ్డులోంచి అతన్ని పిలుస్తూ కేక వినిపించింది. విననట్టు పోదామనుకున్నాడు గానీ కాళ్ళు ఆగిపోయాయి.

షెడ్డులో ఆ లారీయే ఉంది, మోకులు కట్టి లాక్కొచ్చారు. ఖాజామియా ముప్పై ఏళ్ళుగా ఇంజిన్లు విప్పుతున్న ఉస్తాదు. అతని మాట కాగితం మీద రాసుకుని రమ్మని ఎస్సై ఒక పోలీసు జవానుతో మాణిక్‌ను ఇక్కడికి పంపాడు. ఆ కాగితాన్ని బట్టి సాయంత్రం మాణిక్‌ను ఇంటికి పంపడమో, సంగారెడ్డి జైలుకు పంపడమో తేలుతుంది. జవాను ఒక టైరు మీద కూర్చుని ఉన్నాడు. మాణిక్ గడ్డం మాసి, చొక్కా భుజం దగ్గర చిరిగి, నేల మీద గొంతుక్కూర్చున్నాడు. గురులింగప్పను చూసి అతని మొహం విప్పారింది. తనవాడు ఒకడు వచ్చాడనుకున్నాడు పాపం.

చెన్నబసప్ప సేఠ్ నిలబడి ఉన్నాడు, కోపంతో చెవులు ఎర్రబడి ఉన్నాయి. సంగయ్య, సేఠ్ తండ్రి కాలం నుంచి వాళ్ళింట్లో పనిచేసిన మనిషి. సేఠ్ కోపం ఇంజిన్ కోసం మాత్రమే అనుకుంటే పొరపాటు.

ఖాజామియా ఇంజిన్ కింది చాంబర్ దించేశాడు. బేరింగులు కరిగిపోయాయి, క్రాంకు కాలి నీలిరంగు తిరిగింది.

"నీళ్ళు సక్కగనే ఉన్నయి. ఆయిల్ సుత ఉన్నది, కానీ కాలి తారు లెక్క అయింది," అన్నాడు ఖాజామియా. "ఆయిల్‌ను సల్లగ చేసే గొట్టాలుంటయి గదా, వాటి మీద చెరుకాకు, మట్టి గడ్డకట్టుకపోయింది. గంటసేపన్న ముల్లు ఎరుపుల నిలవడి ఉండాలె. అది చూసి సుత బండి ఆపకుంటే డ్రైవర్‌దే తప్పు."

"ఎరుపుకు రాలే ఉస్తాద్," అన్నాడు మాణిక్. ఈ మూడు రోజుల్లో ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో, గొంతులో పస లేదు. "నిండ పచ్చల ఉండె. పచ్చ సివరి దాక పోయింది, మంచిగనే ఉన్నదనుకున్న."

పక్కన ప్రెషర్ మీటరు కూడా ఉంది కదా, అది చూడలేదా అని ఖాజామియా అడిగాడు. దాని ముల్లు చచ్చిపోయి చాలా కాలమైందనీ, బాగు చేయించమంటే కొత్త మీటరు ఉండగా అదెందుకని సేఠ్ అన్నాడనీ మాణిక్ చెప్పాడు. సేఠ్ ఆ మాటకు అటు తిరిగి దగ్గాడు. ఖాజామియా కాసేపు గడ్డం గీక్కుని, అయితే ఆ కొత్త మీటరు నిజం చెబుతుందో లేదో చూసిన తర్వాతే తాను వేలిముద్ర వేస్తానన్నాడు.

ఆ మీటరుకు వేలెడంత ఇత్తడి గొట్టం ఒకటి ఉంటుంది. మామూలుగా అది చాంబర్‌లో ఆయిల్‌లో మునిగి ఉంటుంది. దానికి తగిలిన వేడి సన్నటి రాగి గొట్టం గుండా పైకి వచ్చి ముల్లును కదుపుతుంది. ఖాజామియా ఆ ఇత్తడి గొట్టాన్ని బయటికి లాగి, పక్క హోటలు నుంచి మరుగుతున్న నీళ్ళ కెటిల్ తెప్పించాడు. కుండలో చల్లటి నీళ్ళు సిద్ధం చేశాడు. కింద తాను గొట్టం ముంచుతుంటే పైన ముల్లు చూసి చెప్పేవాళ్ళు కావాలి. ఖాజామియా కళ్ళకు పొరలు వచ్చాయి, దూరం మనిషి ఆనడు. సేఠ్ పంచె ఎగ్గట్టి లారీ ఎక్కే రకం కాదు. ముద్దాయిని ఎక్కనివ్వననీ, అతన్ని వదిలి తానూ ఎక్కననీ జవాను అన్నాడు. అప్పుడు అందరి చూపూ గురులింగప్ప మీద పడింది.

"నువ్వెక్కు పెయింటర్," అన్నాడు ఖాజామియా. "రంగులు నీ కన్న మంచిగ ఎవరు చెప్తరు?"

గురులింగప్ప సంచీ కింద పెట్టి డ్రైవరు సీట్లోకి ఎక్కాడు. తాను వేసిన రంగే ఎదురుగా ఉంది. పచ్చ ఇంకా నిగనిగలాడుతోంది. కిందివాళ్ళు ఎవరికీ మీటరు కనపడదు. లారీ తలుపు లోపలి ఆ కాస్త చోటులో అతనూ ఆ ముల్లూ తప్ప ఎవరూ లేరు.

ఖాజామియా గొట్టాన్ని చల్లటి నీళ్ళలో ముంచి, ముల్లు ఎక్కడుందని అడిగాడు.

ముల్లు ఎర్ర గీత మీద పడుకుని ఉంది.

గురులింగప్పకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. ప్రెషర్ తక్కువైతే ప్రమాదం, అందుకే ఆ మీటరులో ఎరుపు మొదట్లో ఉంటుంది. వేడి ఎక్కువైతే ప్రమాదం, దీనిలో ఎరుపు చివర్లో ఉండాలి. అంత చిన్న సంగతి. పచ్చ చివరిదాకా ముల్లు పోతుంటే మంచిదే అనుకుని మాణిక్ బండి నడుపుతూనే ఉన్నాడు. నడిపించింది తాను. సంగయ్య మీద బస్తాలు పడేసింది తాను.  తన చేతులకు బేడీలు పడడం, భార్య ఏడవడం, ఇక ఏ లారీవాడూ తన గడప తొక్కకపోవడం, అన్నీ ఒకేసారి కళ్ళ ముందుకొచ్చాయి.

"పచ్చ మీద ఉన్నది," అన్నాడు.

మాట బయటికొచ్చాక గానీ తాను ఏమన్నాడో అతనికి తెలియలేదు. కింద ఖాజామియా సరేనని గొట్టం తీసి కెటిల్‌లో దించాడు. ముల్లు లేచింది. ఎర్ర గీత దాటింది, పచ్చలోకి వచ్చింది, పచ్చ మధ్యదాకా వచ్చి నిలబడింది. మరిగే నీళ్ళు తగిలితే మంచి మీటరులో ముల్లు ఎరుపుకు దగ్గరగా రావాలనీ, అంటుకోగూడదనీ కింద ఖాజామియా సేఠ్‌కు చెబుతున్నాడు. గురులింగప్పకు పని ఇంకా సులువైంది.

"పచ్చ సివరికి వచ్చింది ఉస్తాద్. ఎరుపుకు జర ఇవతల."

అబద్ధం ఒకటి ఆడితే రెండోది దానంతటదే వస్తుంది. ఖాజామియా గొట్టం కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. మీటరు సక్కగా ఉందనీ, ఇక తాను చెప్పేదేమీ లేదనీ అన్నాడు. జవాను కాగితం తీసి మడత విప్పాడు. మాణిక్ తల ఎత్తలేదు.

అంతటితో కాగితం రాసుకుని పోయి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. కానీ సేఠ్‌కు కోపం చల్లారలేదు. జేబులోంచి ఒక బడిపిల్లల నోటుబుక్కు తీశాడు. బండి బయలుదేరేటప్పుడూ, ఆగిన ప్రతి చోటా ముల్లు ఏ రంగు మీదుందో గుర్తు పెట్టాలని అతను మాణిక్‌కు ఇచ్చిన పుస్తకం అది. బడి మొహం చూడని మాణిక్‌కు వారాల పేర్లు ముందే రాసిచ్చి, అతనే రెండక్షరాలు నేర్పాడు, పచ్చకు 'ప', ఎరుపుకు 'ఎ'. దొంగరాతలు ఎట్లా రాశాడో వినండంటూ సేఠ్ పుట తిప్పి గట్టిగా చదవసాగాడు.

"ఇగో, సోమవారం. ఎ, ప, ప, ప. మంగళవారం. ఎ, ప, ప, ప. బండి జారిన రోజు సుత గంతే. ఎ, ప, ప."

ఖాజామియా చెయ్యెత్తి ఆపాడు. మళ్ళీ చదవమన్నాడు. సేఠ్ చదివాడు. ప్రతి రోజూ మొదటి గుర్తు 'ఎ'.

"పొద్దుగాల ఇంజిన్ సల్లగ ఉంటది. అప్పుడు ఎరుపు ఎందుకు రాసినవ్ మాణిక్?"

మాణిక్‌కు ఆ ప్రశ్నే వింతగా తోచింది. పొద్దున ఎర్రగానే ఉంటుందనీ, ఇంజిన్ కాస్త వేడెక్కాక పచ్చకు వస్తుందనీ, వచ్చేదాకా ఆగి అప్పుడు బయలుదేరేవాడిననీ చెప్పాడు. ఖాజామియా సేఠ్ వైపు తిరిగాడు. మనిషి అబద్ధం ఆడితే తనకు లాభం ఉన్నచోట ఆడతాడు గానీ, ఎవరూ అడగని పొద్దుటిపూట తన మీద తానే ఎరుపు రాసుకుంటాడా అని సేఠ్‌ను అడిగాడు.  పుస్తకం చెప్పేదీ, పెయింటర్ చెప్పేదీ ఒకటి కాదు, రెంటిలో ఒకటి అబద్ధం అన్నాడు ఖాజామియా. అందరూ లారీ తలుపు వైపు చూశారు.

గురులింగప్ప కుక్కిన పేనులా కూర్చున్నాడు. ఇప్పుడు కూడా తప్పించుకోవచ్చు. బావ రాయడం రానివాడు, అక్షరాలు తారుమారు చేసి ఉంటాడంటే సరిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు మాణిక్ మాట్లాడాడు.

"కొట్లాడకున్రి. గురులింగం రంగులోడు, మావోడు. ఆయన పచ్చ అన్నడంటే పచ్చనే ఉంటది. నా కండ్లే తప్పు జూసినయేమో, నాకు సదువు లేదాయె." జవాను వైపు తిరిగి, "రాసుకోరి సార్," అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే గురులింగప్ప తట్టుకునేవాడేమో. మూడు రోజులుగా ఊరంతా అబద్ధాలకోరు అంటున్నా తన కళ్ళను నమ్ముకున్న మనిషి, బామ్మర్ది ఒక్క మాట అనేసరికి ఆ కళ్ళనే వదులుకున్నాడు.   గురులింగప్ప స్టీరింగు మీద తల ఆనించాడు.

"బావ కండ్లు మంచిగనే ఉన్నయి ఉస్తాద్," అన్నాడు. "సల్లటి నీళ్ళకు ఎరుపే చూపెట్టింది. నేను అబద్ధం చెప్పిన. ఆ రంగు నేనే ఏసిన, ఉల్టా ఏసిన."

ఇక ఆగలేదు. కుంకుమ సంగతి, కిరసనాయిలు సంగతి, పక్క మీటరు చూసి దించిన సంగతి అన్నీ కక్కేశాడు. ఖాజామియా మెట్టు పట్టుకుని పైకి ఎక్కి, మీటరు దగ్గర కళ్ళు ఆనించి, గోరుతో గీకాడు. పచ్చ రంగు పెచ్చుగా లేచి అతని గోరుకు అంటుకుంది. దాన్ని కిందికి చాపి సేఠ్‌కు చూపించాడు. చెన్నబసప్ప గురులింగప్పను కాలర్ పట్టి కిందికి లాగి చెంప పగలగొట్టాడు. గురులింగప్ప చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆ దెబ్బ అతనికి మూడు రోజులుగా బాకీ ఉంది. మధ్యలోకి వచ్చి సేఠ్‌ను ఆపింది మాణిక్. ఆపాడే గానీ బామ్మర్ది మొహం చూడలేదు. అతని దవడలు బిగుసుకుని ఉన్నాయి.

జవాను కాగితం పట్టుకుని, ఇప్పుడు ఎవరి పేరు రాయాలో తెలియక నిలబడ్డాడు.

ఖాజామియా మాత్రం ఇంకా ఆ పచ్చ పెచ్చునే చూస్తున్నాడు. నెమ్మదిగా అడిగాడు.

"గురులింగం, దసరాకు గిట్లాంటి మీటర్లు ఎన్ని తుడిసినవ్?"

గురులింగప్ప చెంప మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

"రెండు," అన్నాడు.

రెండోది ఎవరి బండికని ఎవరూ అడగనక్కరలేదు. చెన్నబసప్ప మొహంలో రక్తం లేదు. కొత్త డ్రైవరు చేతిలో ఉన్న అతని రెండో లారీ కూడా ఈ లారీలాగే నెలంతా చెరకు మోసింది, అదే పొలాల మట్టిలో తిరిగింది. దాని గొట్టాలు మాత్రం శుభ్రంగా ఉంటాయా. చెరకు మోసినన్నాళ్ళూ చదును రోడ్డు కాబట్టి సాగింది. ఈ రోజే అది మొదటిసారి ఎక్కుడు వైపు పోయింది.

"హుమ్నాబాద్ జాతరకు పంపిన," అన్నాడు సేఠ్.  "యాభై మంది ఉన్నరు. నన్ను గన్న అవ్వ ఉన్నది, ఆడోళ్ళు, పిల్లలు. బయలెల్లి గంటాయె. మొగుడంపల్లిల ఇంకొంతమందిని ఎక్కించుకోని పోతరు."

ఖాజామియా లెక్క వేశాడు. మొగుడంపల్లిలో అరగంట ఆగినా, ఆ లారీ ఎక్కుడు మొదలుకు చేరడానికి ఇక ఇరవై నిమిషాలే ఉంది. షెడ్డు బయట, బాగు చేసి నిలబెట్టిన రాయికోడ్ సర్పంచి జీపు ఉంది. పొరలు వచ్చిన కళ్ళతో రోడ్డు మీద తాను నడపలేడు. సేఠ్‌కు నడపడం రాదు. ఆ షెడ్డులో నడపగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. జన్మలో నిన్ను స్టీరింగు ముట్టనివ్వనని మూడు రోజుల కిందట ఠాణా ముందు నలుగురిలో ఒట్టు పెట్టిన చెన్నబసప్ప, గోడ మేకుకున్న జీపు తాళంచెవి తీసి రెండు చేతులతో మాణిక్ ముందు చాపాడు.

జాతర అన్న మాట విన్నప్పుడే మాణిక్ ముందుకు వచ్చేశాడు.  తాళంచెవి లాక్కున్నాడు. ముద్దాయి కదలడానికి వీల్లేదని జవాను అతని రెక్క పట్టుకున్నాడు. మాణిక్ ఆ చేతిని విదిలించి జీపు వైపు పరిగెత్తాడు. ఇంజిన్ రెండో తిప్పుకు అందుకుంది. జవాను ముందుకొచ్చి బానెట్ మీద చేతులు పెట్టి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"గురులింగం, ఎక్కు," అన్నాడు మాణిక్. ఇప్పుడు మొదటిసారి బామ్మర్ది కళ్ళలోకి చూశాడు. "నీలమ్మ ఆ బండిలనే ఉన్నది. నేను ఇడువడాలని ఈరభద్రునికి మొక్కుతందుకు పోయింది. పొద్దుగాల ఠాణాకొచ్చినప్పుడు తమ్మునికి చెప్పి పోరాదే అంటే, వాడు ఇంట్ల దొరుకుతలేడన్నది."